భోజనశాల గుమ్మం మీద నవ్వు మొగం

నంద్యాల,
12 జూన్ 2025

సుబ్బయ్య మామకు,

మేనకోడలు ప్రసన్న నమస్కారాలు. నువ్వూ శివమ్మత్తా బాగున్నారని తలుస్తాను. ఉత్తరమేంది, ఫోను చేయొచ్చు గదా అని నువ్వు అనకముందే చెప్తున్నా. నా ఫోను డోన్‌లో మా నాయన బీరువాలో ఉంది. నేను మైక్రోబయాలజీ తప్పానని తెలిసిన రోజే వచ్చి పట్టుకుపోయాడు. సప్లిమెంటరీ పాసైతేనే ఇస్తాడట. నీ ఫోను ఎట్లాగూ రాతిపొడి మింగి చచ్చింది. మీ షెడ్డు విగ్రహాలు నంద్యాలకు తెచ్చే జాషువా ట్రాలీ ఆటోనే ఇంక మనకు పోస్టాఫీసు.

అసలు సంగతి. మొన్న ఆళ్లగడ్డ వచ్చినప్పుడు నా పుస్తకం మీ ఇంట్లో మరిచిపోయా. ఎర్ర అట్ట, ఇటుకంత లావు. మనిషి ఒంట్లో చేరి బతికే జీవుల మీద రాసింది. నేను తప్పింది సరిగ్గా అందులోనే. పోయినసారి వైవాలో మా హెచ్‌ఓడీ కమలాక్షమ్మ మేడమ్ మైక్రోస్కోపులో ఒకదాన్ని చూపించి ఇదేంటి అంది. చిక్కుడు గింజలాగా ఉంది మేడమ్ అన్నా. మేడమ్ పెన్ను మూత పెట్టేసింది.

ఆగస్టులో పరీక్ష. ఈసారీ తప్పితే నా బ్యాచ్ వాళ్లందరూ పైకి పోతారు, నేను జూనియర్ పిల్లలతో కూర్చోవాలి. నాయన కొట్టడు, తిట్టడు. అన్నం తినేటప్పుడు నా వైపు చూడడు, అంతే. నాకు అదే భయం మామా. జాషువా ఎల్లుండి వచ్చేటప్పుడు తప్పకుండా పుస్తకం పంపు.

నీ కోడలు,
ప్రసన్న

——

ఆళ్లగడ్డ,
15 జూన్ 2025

పాపా ప్రసన్నా,

మామ దీవెనలు. మేం బాగుండాం. పుస్తకం దొరికింది. మీ అత్త దోసెపిండి బాన మీద బరువు పెట్టింది. పిండి పొంగినా మూత కదల్లేదు, మంచి పుస్తకం. జొన్నరొట్టెలు, చెనిగ్గింజల పొడి జాషువా చేతికిచ్చినా. పుస్తకం మాత్రం ఇయ్యలేదు. కోపం చేసుకోవద్దు.

ఈడ షెడ్డులో పని ఎక్కువైంది. నంద్యాలలో ఉమామహేశ్వరమ్మ కొత్తగా కల్యాణమండపం కట్టిస్తాంది గదా, దాని భోజనశాలకు నల్లరాతి గుమ్మం నన్ను చెక్కమనింది. ఆయమ్మ చూపు నీకు తెలుసు, ఆయమ్మ చూస్తే రాయి కూడా సర్దుకుని కూచుంటాది. అందరి గుమ్మాల మీదుండే హంసలూ చిలకలూ వద్దంట. ఇంతవరకూ ఎవురూ చూడనిది కావాలంట. సరే, అది నా తలనొప్పి. నీకెందుకులే.

నిన్ను ఒక సంగతి అడగల్ల. ఎందుకని మాత్రం తిరిగి అడగొద్దు. పని ముగిసేదాకా బయటికి చెప్పగూడనిది. మీ అత్తకు అసలే తెలీకూడదు, తెలిస్తే బజారంతా తెలిసినట్టే. నీ పుస్తకంలో మూల మడిచిన పేజీలో ఒకటుంది. జామకాయ మాదిరి మొగం, రెండు పెద్ద కండ్లు, కింద మూతి, రెండు పక్కలా వేలాడే మీసాలు. దాని స్వభావమేంది? శాంతమా, రౌద్రమా? యాడ నివాసం? ఏం ఆహారం? ఎవురికి కనపడుతుంది, ఎవురికి కనపడదు? అన్నీ వివరంగా రాయి. తెలీకుండా నేను ముందుకు పోలేను.

మీ మామ,
సుబ్బయ్య

——

నంద్యాల,
17 జూన్ 2025

మామా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివా. రొట్టెల మూట ఇంకా విప్పలేదు. ఎందుకని అడగొద్దన్నావు, అడగను. అత్తకు తెలీకూడదన్నావు, తెలీనియ్యను. కానీ మామా, నేను డాక్టరు చదివేదాన్ని, నాకు అర్థమవుతుంది. అత్త మొన్న పొట్ట పట్టుకుని గడప మీద కూర్చుని ఉండటం నేను చూశా. అలిసిపోయిందేమో అనుకున్నా. ఆసుపత్రికి పోయి పరీక్ష చేయించి ఉంటారు, ఈ పేరు చెప్పి ఉంటారు. నువ్వొక్కడివే మనసులో పెట్టుకుని మోస్తున్నావు.

నువ్వు ఏమీ భయపడొద్దు. దాని పేరు జియార్డియా. జనం పిలిచే ఇంకో మాట ఉంది, అది ఈ ఉత్తరంలో రాయను. నీకు కండ్లద్దాలు దొరకక జాషువా చదివి వినిపిస్తే అత్త అన్నం మానేస్తుంది. నువ్వడిగినవి చెప్తాను. దాని స్వభావం శాంతమనే చెప్పాలి. గోల చేయదు, చీల్చదు, రక్తం తాగదు. ఊరికే పేగు గోడకు అతుక్కుని కూర్చుంటుంది. నీళ్లలో ఉంటుంది, అన్నంలో ఉంటుంది, మన చేతుల్లో ఉంటుంది. కంటికి కనబడదు. మన చుట్టుపక్కల ఎంతమంది లోపలో ఉంటుంది, ఉన్నట్టు వాళ్లకే తెలీదు. ఎప్పుడో ఒకసారి కడుపు ఉబ్బరంగా, గ్యాసుగా ఉందంటే అది ఉందని తెలుస్తుంది. దాన్ని పోగొట్టడం సులువు.

ఇంటిల్లిపాదికీ మాత్రలు పంపుతున్నా. మా సీనియర్ డాక్టర్‌ని అడిగే తెచ్చా. ఎట్లా వేసుకోవాలో చీటీ మీద రాశా. అత్తకు బలం మాత్రలని చెప్పు. పుస్తకం కూడా పంపు మామా. లైబ్రరీలో ఉన్న ఒక్క కాపీనీ ఎవరో తీసుకుపోయి తేవడంలేదు.

ప్రసన్న

——

ఆళ్లగడ్డ,
24 జూన్ 2025

పాపా,

నీ ఉత్తరం చదివి నా ఒళ్లు పులకరించింది. అందరిలోనూ ఉంటుంది, కంటికి కనబడదు, నీళ్లలో అన్నంలో ఉంటుంది, ఉన్నట్టు మనకే తెలీదు. ఇంతకంటే ఏం చెప్పల్ల? నువ్వు చదివే చదువు ఇంత గొప్పదని నాకు తెలీదు పాపా. మీ నాయన డాక్టరు చదువు డాక్టరు చదువు అంటాంటే సూదులు పొడిచేదే అనుకుంటి. అది శాంతమన్నావు గదా, నాకు అదే కావల్ల. నేను మొదటినుంచీ నవ్వు మొగమే అనుకుంటాండా.

మీ అత్త గురించి నువ్వు అనుకున్నదానికి జవాబు పని ముగిసినాక చెప్తా. ఇప్పుడు మాత్రల సంగతి. బలానికని మీ అత్తకు చెప్పినా. ఆమె నమ్మలేదు. "డాక్టరు చదివే పిల్ల ఊరికే మాత్రలు పంపుతాదా? నాకేదో ఉండాది, మీరిద్దరూ దాచిపెడతాండారు" అని కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్సింది. నేను ఏడవొద్దంటే ఇంకా గట్టిగా ఏడ్సింది. తెల్లారి బస్సెక్కి యాగంటి పోయి మొక్కుకుని వచ్చింది. వచ్చినాక ఆకలి బాగైందంట. అదీ మంచిదే.

ఇప్పుడు ఇంకో రెండు అడగల్ల. ఒకటి, పొడుగ్గా తీగ మాదిరి ఉంటుంది, కణుపులు కణుపులుగా. ఒక కొసన పువ్వు, పువ్వు చుట్టూ ముండ్ల కిరీటం, నాలుగు పక్కలా నాలుగు గుండ్రని గిన్నెలు. ఆ పువ్వు తలా, తోకా? కణుపు కణుపులో చెట్టు కొమ్మలట్ల గీసినారు, అదేంది? రెండోది, ఇద్దరు కౌగిలించుకుని ఉండారు. మొగుడూ పెండ్లాలా, వేరేనా? తప్పుగా అనుకుంటే పెద్ద మోసం జరుగుతాది, అందుకే అడగతాండా.

పుస్తకం కావాలని పదేపదే అంటాండావని మీ అత్తకు జాలేసింది. నాకు కావలసిన బొమ్మలున్న కాడికి ఉంచుకుని, మిగతాది కత్తిపీట మీద వెన్నుకాడ చక్కగా కోసి పంపతాండా. బాగా చదువుకో.

మామ

——

నంద్యాల,
27 జూన్ 2025

మామా,

నువ్వు పంపింది ముందుమాట, విషయసూచిక, రాసినవాళ్ల ఫొటోలు. ముందుమాట కంఠతా వచ్చేసింది. ఏ పేజీలో ఏముందో చెప్పగలను, ఆ పేజీలో ఏముందో మాత్రం చెప్పలేను. మా రూమ్మేట్ లావణ్య దగ్గర పుస్తకం అడుక్కుని, ఆమె స్నానానికి పోయినప్పుడు చదువుతున్నా. నీ ప్రశ్నలకు జవాబు రాయాలంటే ఆమె రోజూ రెండుసార్లు స్నానం చేయాల్సి వస్తోంది.

అయినా మామా, ఒకటి కాదు, మూడున్నాయా? ఒకే మనిషిలో మూడు రకాలా? రాయలేక రాస్తున్నా.

తీగలాంటిది టీనియా. పువ్వున్నదే తల. ఆ ముండ్లు నిజానికి కొక్కేలు, వాటితో, ఆ నాలుగు గిన్నెలతో పట్టుకుని వేలాడుతుంది. దానికి నోరు లేదు. ఏమీ తినదు. మనం తిన్నదే దాని ఒంటికి ఇంకుతుంది. అట్లాగే బారలు బారలు పెరుగుతుంది. కణుపుల్లో కొమ్మల్లాగా కనిపించేది గర్భసంచి. ఇది నేను మొన్నటిదాకా పట్టించుకోలేదు, నువ్వు అడిగావని చూశా. కొమ్మలు తక్కువుంటే ఒక రకం, ఎక్కువుంటే ఇంకో రకం. కొక్కేలు ఉన్నది కొమ్మలు తక్కువున్న రకం. ఇంకో వింత, ప్రతి కణుపులోనూ ఆడా మగా రెండూ ఉంటాయి.

కౌగిలించుకున్నవి షిస్టోసోమా. నువ్వనుకున్నది నిజమే, అవి మొగుడూ పెళ్లాలు. ఆమె సన్నగా ఉంటుంది, అతను తన ఒంటి మడతలో ఆమెను పెట్టుకుని బతికినన్నాళ్లూ మోస్తాడు. విడవడు. ఇది మన వైపు కనబడదు, కాబట్టి అత్తకు ఇది ఉండటానికి వీల్లేదు.

సిగ్గుపడకుండా చెప్పు. అత్తకు విరేచనాలు ఎట్లా అవుతున్నాయి? రోజుకెన్నిసార్లు, ఏ రంగు, వాసన ఎట్లా ఉంటుంది, నురగ ఉంటుందా? ఒక చిన్న డబ్బాలో పట్టి జాషువా చేత పంపితే నేనే ల్యాబులో చూయిస్తా.

ప్రసన్న

——

ఆళ్లగడ్డ,
16 జూలై 2025

ప్రసన్నా,

నీ మీద నాకు కోపమొచ్చి ఇన్నాళ్లు రాయలేదు. నా కండ్లద్దాలు షెడ్డులో యాడనో పెట్టి, ఉత్తరం చదవమని జాషువా చేతికిస్తి. వాడు అంతమంది పనోళ్ల ముందర గొంతెత్తి చదివె. మీ అత్త అప్పుడే సద్ది తెచ్చె. నురగ ఉంటుందా అనే కాడికి వచ్చేసరికి ఉలి చప్పుడు ఒక్కటీ వినపడలేదు. సద్ది మూట ఆడనే పెట్టి ఇంటికి పోయింది మహాతల్లి. నిన్నటిదాకా నాతో మాట్లాడలే. డబ్బా సంగతి తల్చుకుంటే జాషువా ఇప్పుడు కూడా ఆటో ఆపి నవ్వుతాండాడు.

ఈడ ఎవురికీ ఏ రోగమూ లేదు తల్లీ. గడప మీద పొట్ట పట్టుకుని కూచుందంటే నువ్వు చెప్పిన జోకుకు నవ్వలేక కూచునింది. నిన్నటితో పని ముగిసింది, కండ్లు దిద్దినా. ఇంక చెప్పొచ్చు.

ఉమామహేశ్వరమ్మ అడిగిన, ఎవురూ చూడని గుమ్మం ఇదే పాపా. నీ పుస్తకంలోదే. ఏ విగ్రహమైనా దాని స్వభావం, నివాసం, ఆహారం తెలీకుండా ఉలి పెట్టగూడదని మా గురువు చెప్పినాడు. అందుకే నిన్ను అన్ని అడిగినా. సిమెంటు సంచి కాగితం మీద గీసి పంపతాండా, చూడు. గుమ్మం నెత్తిన నడిమధ్య శాంతమూర్తి, నవ్వు మొగంతో, మీసాలు రెండు పక్కలా ఒంపు తిరిగి. భోజనశాల గదా, అన్నంలో ఉంటాడన్నావు గదా, ఆయన కంటే తగినవాడు ఎవురుండారు? రెండు పక్కలా కిందినుంచి పైదాకా తీగ. కొమ్మలు తక్కువే పెట్టినా, నువ్వు చెప్పినట్టే. నోరు లేదు, ఆహారం లేదు, అయినా పెరుగుతాదంటే అది తపస్సే గదా. ఆడా మగా ఒకే దేహంలో అన్నావు, అది ఎవురి రూపమో నాకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. మీసాల కింద ఆ ఆలుమొగలు. పెండ్లి మండపానికి అట్లాంటి జంట యాడ దొరుకుతాది? బతికినన్నాళ్లూ విడవడంట. చెక్కేటప్పుడు నా కండ్లలో నీళ్లు తిరిగినాయి. మీ అత్తకు చెప్తే, "చూసి నేర్చుకో" అనింది. మాట్లాడింది గదా అని సంతోషపడినా.

శ్రావణంలో మండపం తెరుస్తారు. తొలి శుభకార్యం ఒక పెద్ద డాక్టరమ్మ కొడుకు రిసెప్షనంట. కమలాక్షమ్మ అంట పేరు. మీ కాలేజీనే అని విని నాకు గర్వమనిపించింది. నీ పేరు చెప్తా.

మామ

——

నంద్యాల,
17 జూలై 2025

మామా,

జాషువాను హాస్టల్ గేటు దగ్గరే నిలబెట్టి ఇది రాస్తున్నా. హారన్ కొడుతున్నాడు, అక్షరాలు సరిగ్గా లేకపోతే క్షమించు.

అవి పురుగులు మామా. కడుపులో పురుగులు. నేను రాయనన్న మాట అదే. నీ శాంతమూర్తి కలుషితమైన నీళ్లు తాగితే వచ్చే విరేచనాల క్రిమి. అవి కండ్లు కావు. మీసాలు ఈదడానికి. నీ తీగ బద్దెపురుగు. తపస్సు కాదు, పేగులో కూర్చుని మన తిండి మింగడం. ఆ ఆలుమొగలు రక్తనాళాల్లో కాపురం పెట్టి గుడ్లు పెట్టే పురుగులు. పుస్తకమంతా పురుగులే. నువ్వు అన్నం తినే గది గుమ్మానికి మనిషి పేగులో ఉండేదంతా తెచ్చి పెట్టావు.

తప్పు నాది. అత్త భయపడుతుందని మెత్తమెత్తగా రాశా. ఆ మెత్తదనమే నెత్తికొచ్చింది.

కమలాక్షమ్మ మేడమ్ ఎవరనుకున్నావు? చిక్కుడు గింజ అన్నందుకు పెన్ను మూత పెట్టిన మేడమ్. ఆమె ఈ పురుగుల్లోనే ముప్పై ఏళ్లుగా బతుకుతోంది. ఒక్క చూపుకే గుర్తుపడుతుంది. కొడుకు రిసెప్షన్‌లో, చుట్టాల ముందు, నా పేరుతో. పరీక్ష తప్పించిందనే కక్షతో ఈ పిల్ల మామ చేత గుమ్మం చెక్కించిందనుకోదా? ఆగస్టులో నేను మళ్లీ ఆమె ముందే నిలబడాలి.

దండం పెడతా మామా. గుమ్మాన్ని పంపొద్దు. పంపినా నా పేరు చెప్పొద్దు.

ప్రసన్న

——

ఆళ్లగడ్డ,
21 జూలై 2025

పాపా,

గుమ్మం పోయింది. నువ్వు ఉత్తరం రాసే పూటకే లారీ ఎక్కింది. ఇప్పుడు గోడలో ఉండాది, సిమెంటు కూడా పట్టేసింది.

ఆ రోజు నేను అన్నం తినలేదు. పురుగులని కాదు, నీకు ఏమైతాదో అని. మరుసటి రోజు నంద్యాల బస్సెక్కి ఉమామహేశ్వరమ్మ కాడికి పోతిని. అమ్మా, తప్పు జరిగింది, ఆ బొమ్మలు దేవతలు గాదు, కడుపులో పురుగులంట అని చెప్తిని. ఆయమ్మ అప్పటికే శాంతమూర్తికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, పూలు చుట్టింది. నన్ను పై నుంచి కింది దాకా చూసింది.

"సుబ్బయ్యా, నువ్వు సింహం మొగానికి ఏనుగు తొండం పెట్టి యాళి అని చెక్కుతావు. అట్లాంటిది ఎవురైనా చూసినారా?"

"లేదమ్మా."

"మరి ఈ పురుగును?"

"కంటికి కనపడదంటమ్మా."

"కనపడనిది పురుగైతే నీకేం, దేవుడైతే నీకేం? నవ్వుతాండాడు గదా, ఉండనీ. మా చిన్నమ్మికి మొన్న కడుపునొప్పి, మొక్కితే తగ్గింది."

ఆయమ్మతో వాదించి గెలిచినోడు ఇంకా పుట్టలేదు. వచ్చేస్తిని. జాషువా ఒక మాట చెప్పినాడు. పరాన్నజీవులంటే ఎవురో పెట్టే అన్నం మీద బతికేవాళ్లంట గదా. పెండ్లి భోజనశాలకు వాళ్లు గాక ఎవురొస్తారు అని వాడి వాదన. నాకు నవ్వొచ్చింది, మళ్లీ నువ్వు గుర్తొచ్చి నవ్వు పోయింది.

నేనొకటి అనుకున్నా. రిసెప్షన్ నాడు నేనే ముందుగా పోతా. అరటి పిలకలు, మామిడాకులు, బంతిపూల దండలు తీసుకుపోయి గుమ్మం కనపడకుండా కప్పేస్తా. డాక్టరమ్మ కిందికి చూసి లోపలికి పోతాది, తిని వస్తాది. నీ పేరు నా నోట రాదు. పుస్తకంలో మిగతాది పంపతాండా. మీ అత్త రెండు ముక్కలూ కలిపి కుట్టమని దబ్బనం, దారం పెట్టింది. పసుపు మరకలు నావి.

మామ

——

ఆళ్లగడ్డ,
4 ఆగస్టు 2025

పాపా ప్రసన్నా,

ఇది ఎట్ల రాయాలో తెలీడం లేదు. జరిగింది జరిగినట్టు చెప్తా, తర్వాత నన్ను తిట్టు.

నిన్న పొద్దున్నే పోయి గుమ్మం పూర్తిగా కప్పేసినా. బంతిపూలే బంతిపూలు, ఉలి పెట్టిన చోటు ఒక్కటీ బయటికి కనపడలేదు. డాక్టరమ్మ వచ్చింది, ఆమె వెనక కాలేజీ డాక్టర్లంతా వచ్చినారు. బాగానే లోపలికి అడుగు పెట్టబోతాంటే, ఉమామహేశ్వరమ్మ అడ్డమొచ్చింది. "తొలి పంక్తి వాళ్లు దేవునికి దండం పెట్టకుండా పోతారా? ఎవురప్పా, దేవుని మొగం మీద దండ ఏసింది?" అని తన చేత్తోనే దండలు లాగేసింది.

డాక్టరమ్మ ఆగిపోయింది. కండ్లద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకునింది. వెనకాలున్న డాక్టర్లు కూడా ఆగినారు. ఒకాయన ఫోను తీసి ఫొటో తీసినాడు. పంక్తి వెనక నిలబడినోళ్లు ఏమైంది ఏమైంది అంటాండారు. ఎవురు చెక్కినారు అని డాక్టరమ్మ అడిగింది. ఉమామహేశ్వరమ్మ నన్ను రెక్క పట్టి ముందుకు తోసింది.

డాక్టరమ్మ ఒక్కొక్కటే వేలుపెట్టి చూపిస్తా, ఇదేంది, అదేంది అనింది. నాకు తడబాటు. నువ్వు రాసింది తప్ప నా నోట్లో ఇంకేం లేదు. అదే చెప్పినా. ఇది గోల చేయదు, పేగు గోడకు అతుక్కుని ఉంటాది. ఇది తల, ఇవి కొక్కేలు, నోరు లేదు. కొమ్మలు తక్కువుండేది ఈ రకం. ఈ జంట మన వైపు కనపడదు. ఇవన్నీ నీకు ఎవురు చెప్పినారు అనింది. నేను నోరు మూసుకున్నా పాపా, ఒట్టు. మీ అత్త కొత్త చీర కట్టుకుని పక్కన్నే ఉండాది. "మా ఆడబిడ్డ కూతురు ప్రసన్న, మీ కాలేజీలోనే, బంగారం లాంటి పిల్ల" అనేసింది.

డాక్టరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది. భుజాలు అదురుతాండాయి. ఏడ్సింది పాపా. అట్లనే పోయి వరుని పక్కన కూచునింది. కాలేజీ డాక్టర్లు ఒక్కరూ తినలేదు. మజ్జిగ కూడా ముట్టలేదు, సీసా నీళ్లు తెప్పించుకున్నారు.

నీ చదువు నా ఉలితో నేనే పగలగొట్టినా. మీ నాయనకు నేనే వచ్చి చెప్తా. నీ వైపు చూడకపోతే నా వైపు కూడా చూడొద్దని చెప్తా.

మామ

——

నంద్యాల,
30 ఆగస్టు 2025

సుబ్బయ్య మామకు,

ఈ ఉత్తరం నువ్వే చదవాలి. కండ్లద్దాలు వెతుక్కో. జాషువా చేతికిస్తే ఊరుకోను.

నీ ఉత్తరం వచ్చాక నేను రాయలేదు. కోపంతో కాదు. రాస్తే ఏడుస్తానని. వైవా నాడు లోపలికి పోయేసరికి మేడమ్, ఆమె పక్కన కర్నూలు నుంచి వచ్చిన ఎగ్జామినర్ సారు. బల్ల మీద మైక్రోస్కోపు ఉంది, మేడమ్ దాని వైపు చూడలేదు. ఫోను తీసి బల్ల మీద పెట్టింది. అందులో నీ గుమ్మం.

"చెప్పమ్మా, ఇదేంటి?" అంది.

మామా, చూపు ఆ నవ్వు మొగం మీద పడగానే నువ్వు అడిగిన మాటలే వరసగా వచ్చేశాయి. ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది, ఎట్లా వస్తుంది, ఎట్లా పోతుంది. తల ఏది, తోక ఏది. కొమ్మలు ఎందుకు తక్కువ. మధ్యలో సారు ఏదో అడిగితే మేడమ్ చేయి అడ్డం పెట్టింది. "ఆగండి, ఇంకా ఎడమ స్తంభం మిగిలుంది" అంది. నేను ఎడమ స్తంభం కూడా చెప్పా. నీ తప్పు ఒకటి కూడా చెప్పా. కిందికి పోయేకొద్దీ కణుపులు పెద్దవవ్వాలి, నువ్వు అన్నీ ఒకే కొలతలో చెక్కావు.

సారుకు నమ్మకం కుదరలేదు. నిజం స్లైడు ఒకటి పెట్టి చూడమన్నాడు. చూశా. లోపల రెండు కండ్లతో నావైపే చూస్తోంది. పోయినసారి నేను చిక్కుడు గింజ అన్నది దీన్నేనని అప్పుడు తెలిసింది. నా నోట్లోంచి జియార్డియా అనే బదులు "శాంతమూర్తి సార్" అని వచ్చింది. మేడమ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదిరాయి. ఆమె ఏడవలేదు మామా, నవ్వింది. రిసెప్షన్‌లో కూడా నవ్విందట, కొడుకు పక్కన కూర్చుని ఆపుకోలేక ఫొటోలన్నీ పాడుచేసిందట. డిపార్టుమెంటు వాళ్లు తినకపోవడానికి కారణం నువ్వు కాదు. ఆ గుమ్మం చూశాక చేతులు కడుక్కోవడానికి పోయి, కడుగుతూ కడుగుతూ పంక్తి అయిపోయిందట.

"పోయినసారి నీకు ఏమీ రాలేదు. ఇప్పుడు ఎవరు నేర్పారు?" అంది మేడమ్.

"ఎవరూ నేర్పలేదు మేడమ్. మా మామ అడిగాడు" అన్నా.

నిన్న రిజల్ట్సు వచ్చాయి. పాసయ్యా. నాయన డోన్ నుంచి వచ్చి ఫోను నా చేతిలో పెట్టాడు. క్యాంటీన్లో ఇద్దరం అన్నం తిన్నాం. తినేంతసేపూ నా వైపే చూశాడు, నేనే తల దించుకుని తిన్నా. ఆ ఫోనుతో నీకు చేయొచ్చు. ఎక్కడ చేయను, నీది చచ్చింది గదా.

మేడమ్ ఇప్పుడు జూనియర్ బ్యాచ్‌ని మండపానికి తీసుకుపోతోంది. వారానికొకసారి తెల్లకోట్లు వేసుకుని గుమ్మం ముందు నిలబడి రాసుకుంటున్నారు. వీళ్లంతా ఏ పెళ్లివాళ్ల తరఫో తెలీక ఉమామహేశ్వరమ్మ అందరికీ విస్తర్లు వేయిస్తోందట.

ఒకటి చెప్పాలి మామా. ఇన్నేళ్లుగా నన్ను అందరూ ప్రశ్నలే అడిగారు. నాకు వచ్చో రాదో చూడటానికి అడిగారు. తెలుసుకోవాలని అడిగింది నువ్వొక్కడివే. నీకు జవాబు చెప్పాలని చదివా, పాసవ్వాలని కాదు. నువ్వంటే నాకు చాలా ఇష్టం. ఇది ఎప్పుడూ చెప్పలేదు, అందుకే రాస్తున్నా.

వచ్చే ఆదివారం వస్తున్నా. అత్తను జొన్నరొట్టెలు చేయమను. చేతులు కడుక్కుని చేయమను.

నీ కోడలు,
ప్రసన్న